బొమ్మలో దగ్గర, ఆకాశంలో దూరం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి అందిన ప్రశ్నల్లో చాలావాటికి మూలం ఒకటే: పాఠ్యపుస్తకంలోని సౌరకుటుంబం బొమ్మ. పేజీలో పట్టించడానికి సూర్యుణ్ణి కుదించి, గ్రహాల్ని ఉబ్బించి, దూరాల్ని నొక్కేసి గీసిన ఆ బొమ్మ చిన్నప్పుడే మనసులో అచ్చుపడిపోతుంది. తర్వాత ఎంత చదివినా అదే అడ్డం వస్తుంది. అందుకని కొలతల ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: బడిలో పిల్లలతో సౌరకుటుంబం నమూనా చేయించాలనుకుంటున్నాను. గ్రహాల సైజులు, దూరాలు రెండూ ఒకే స్కేలులో ఉండాలి. మీటరు వెడల్పు చార్టు సరిపోతుందా?

జవాబు: సరిపోదు. నెప్ట్యూన్ సూర్యుడికి సుమారు 450 కోట్ల కి.మీ. దూరంలో ఉంది. ఆ దూరాన్ని ఒక మీటరులోకి కుదిస్తే, 13.9 లక్షల కి.మీ. వ్యాసం ఉన్న సూర్యుడే 0.3 మి.మీ. చుక్క అయిపోతాడు. భూమి అందులో నూట తొమ్మిదో వంతు, కంటికి ఆనదు. చార్టు మీద సైజులైనా నిజం చెప్పాలి, దూరాలైనా నిజం చెప్పాలి, రెండూ కుదరవు. రెండూ కావాలంటే గోడ వదిలి ఆరుబయటికి రావాలి.

లెక్కకు తేలికగా ఉండే స్కేలు ఒకటి ఉంది: 1 మిల్లీమీటరుకు 10,000 కి.మీ. అంటే 1 మీటరుకు కోటి కి.మీ. దూరం ఎన్ని కోట్ల కి.మీ. ఉంటే అన్ని మీటర్లు నడవడమే, గుణకారాలు అక్కర్లేదు. సూర్యుడికి 14 సెం.మీ. వ్యాసమున్న పసుపు అట్టముక్క కత్తిరించండి. దాని నుంచి 5.8 మీటర్ల దగ్గర బుధుడు, సైజు అర మిల్లీమీటరు. 10.8 మీటర్ల దగ్గర శుక్రుడు, 1.2 మి.మీ. 15 మీటర్ల దగ్గర భూమి, 1.3 మి.మీ., అంటే గుండుసూది తలకాయంత. 22.8 మీటర్ల దగ్గర కుజుడు, 0.7 మి.మీ. ఇక్కడిదాకా పిల్లలందరూ ఒకరికొకరు కనబడుతూనే ఉంటారు. అక్కడి నుంచి అసలు నడక మొదలవుతుంది. గురుడు 78 మీటర్ల దగ్గర, 14 మి.మీ. గోలీ. శని 143 మీటర్ల దగ్గర 12 మి.మీ., వలయాలతో కలిపితే సుమారు 28 మి.మీ. యురేనస్ 287 మీటర్లు, నెప్ట్యూన్ 450 మీటర్లు. రెండూ 5 మి.మీ. చొప్పున.

చిన్న గ్రహాలకు బంతుల కోసం వెతక్కండి. పోస్టుకార్డంత తెల్ల అట్ట మీద బాల్‌పెన్నుతో చుక్క పెట్టి, పక్కన పేరు రాసి, కర్రకు తగిలిస్తే చాలు. దూరం కొలవడానికి అడుగుల్ని నమ్ముకోవద్దు. పిల్లల అడుగులు ఒకరివి 50 సెం.మీ. ఉంటే ఇంకొకరివి 70. నెప్ట్యూన్ దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా వంద మీటర్లు దాటిపోతుంది. పది మీటర్ల తాడు తీసుకుని, మీటరు మీటరుకు ముడి వేసి వాడండి. 450 మీటర్ల చోటు లేకపోతే అన్నిటినీ సగం చేయండి: సూర్యుడు 7 సెం.మీ., నెప్ట్యూన్ 225 మీటర్లు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. దూరాలు సగం చేసి, సైజులు అలాగే ఉంచేస్తారు. అలా చేస్తే నమూనా మళ్లీ పుస్తకంలో బొమ్మే అవుతుంది. అలాగే, గ్రహాలన్నీ ఒకే గీత మీద నిలబడేది మన సౌకర్యం కోసమే, నిజానికి ఒక్కొక్కటి ఒక్కో దిక్కున ఉంటుందని పిల్లలకు తప్పకుండా చెప్పండి.

కుజుడికీ గురుడికీ మధ్య గ్రహశకలాల పట్టీ అంటూ గులకరాళ్లు చల్లే అలవాటు ఉంది. వద్దు. ఆ శకలాలన్నిటినీ కలిపి ముద్ద చేసినా చంద్రుడి ద్రవ్యరాశిలో నాలుగు శాతానికి మించదు. వాటిలో అతి పెద్దదైన సెరెస్ ఈ స్కేలులో మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. అక్కడ ఖాళీగా వదిలేయడమే సరైన నమూనా.

చివరగా రెండు కొలతలు చూపించండి. భూమి చుక్కకు 3.8 సెం.మీ. దూరంలో చంద్రుణ్ణి పెట్టండి, సైజు 0.35 మి.మీ. మనుషులు ఇప్పటిదాకా చేసిన అంతరిక్ష ప్రయాణమంతా ఇంచుమించు ఆ నాలుగు సెంటీమీటర్లే. ఇక ఈ నమూనాలో కాంతి వేగం సెకనుకు 3 సెం.మీ. ఒక విద్యార్థిని సూర్యుడి దగ్గర నిలబెట్టి, ఒక కర్రముక్కను సెకనుకు 3 సెం.మీ. చొప్పున జరుపుతూ భూమి దాకా రమ్మనండి. 500 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు పడుతుంది. మన మీద పడే ఎండ వయసు అంతే. మరి అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీని ఎక్కడ పెట్టాలి? 4,000 కి.మీ. అవతల.

ప్రశ్న: జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉంటుందని చదివాను. మరి అప్పుడు చలి ఎందుకు?

జవాబు: మీరు చదివింది నిజమే. జనవరి మొదట్లో ఆ దూరం సుమారు 14.71 కోట్ల కి.మీ., జులై మొదట్లో 15.21 కోట్ల కి.మీ. ఈ 50 లక్షల కి.మీ. తేడా వినడానికి పెద్దదే కానీ, మొత్తంలో మూడు శాతం. దానివల్ల అందే ఎండలో తేడా ఏడు శాతం. ఋతువుల్ని తెచ్చేంత బలం దానికి లేదు. పైగా జనవరిలో ఉత్తరార్ధగోళంలో చలికాలమైతే దక్షిణార్ధగోళంలో మండువేసవి. దూరమే కారణమైతే రెండు చోట్లా ఒకేసారి వేసవి రావాలి కదా.

ఇక్కడా తప్పు బొమ్మదే. భూకక్ష్యను పక్కనుంచి చూసినట్టు గీస్తారు కాబట్టి అది కోడిగుడ్డులా కనిపిస్తుంది. నిజంగా గీసి చూడండి. వృత్తలేఖినితో 10 సెం.మీ. వ్యాసార్ధంతో ఒక వృత్తం గీసి, సూర్యుణ్ణి కేంద్రంలో కాకుండా 1.7 మి.మీ. పక్కకు పెట్టండి. అదే భూకక్ష్య. అది దీర్ఘవృత్తం కావడం వల్ల నిలువుకూ అడ్డానికీ వ్యాసార్ధంలో వచ్చే తేడా 0.014 మి.మీ.; పెన్సిలు గీత మందమే అంతకన్నా ఎక్కువ.

ఋతువులకు కారణం భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండటం. ఆ వాలు ఏడాది పొడుగునా ఒకే దిశకు, ధ్రువనక్షత్రం వైపుకే ఉంటుంది. కాబట్టి కక్ష్యలో ఒక పక్కన ఉన్నప్పుడు ఉత్తర ధ్రువం సూర్యుడి వైపు వంగి ఉంటుంది, ఆరు నెలల తర్వాత అవతలికి. భూమి అటోసారి ఇటోసారి ఊగుతుందని కొందరు అనుకుంటారు, అది పొరపాటు. అది ఊగదు. దాని వాలు మారకపోవడం వల్లే ఋతువులు మారుతున్నాయి.

వాలు వల్ల రెండు పనులు జరుగుతాయి. ఒకటి, ఎండ పడే కోణం. చీకటి గదిలో టార్చిలైటును బల్ల మీదికి నిట్టనిలువుగా వేసి వెలుగు పడిన చోటు చుట్టూ గీత గీయండి. టార్చిని అంతే దూరంలో ఉంచి బల్లకు 30 డిగ్రీల కోణంలో వాల్చండి. వెలుగు మరక సాగి రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది. అదే వెలుగు రెట్టింపు నేలకు పంచుకోవాల్సి వచ్చింది కాబట్టి వేడి సగమే. రెండోది పగటి నిడివి. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం తీసుకుందాం. జూన్ 21 ప్రాంతంలో మధ్యాహ్న సూర్యుడు 73 డిగ్రీల ఎత్తున ఉంటాడు, పగలు 15 గంటలు. డిసెంబరు 21 ప్రాంతంలో ఎత్తు 27 డిగ్రీల లోపు, పగలు తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. మధ్యాహ్నం ఒక్క క్షణాన్ని చూసుకున్నా నేల మీద పడే ఎండ రెట్టింపుకు పైగా తేడా. దీని ముందు ఏడు శాతం ఏపాటి?

దూరం తేడాకు ఒక ఫలితం మాత్రం ఉంది. దగ్గరగా ఉన్నప్పుడు భూమి కాస్త వేగంగా, సెకనుకు 30.3 కి.మీ. చొప్పున, దూరంగా ఉన్నప్పుడు 29.3 కి.మీ. చొప్పున కదులుతుంది. అందుకే మార్చి విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) నుంచి సెప్టెంబరు విషువత్తు దాకా 186 రోజులు, మిగతా సగానికి 179 రోజులే. క్యాలెండరు ముందు పెట్టుకుని లెక్కపెట్టండి, దగ్గరైతే వేగం పెరుగుతుందని కెప్లర్ చెప్పిన సూత్రం మీ గోడ మీదే ఉంది.

ప్రశ్న: చంద్రుడి మీద భూమి నీడ పడటం వల్లే చంద్రకళలు ఏర్పడతాయని మా అబ్బాయి చెబుతున్నాడు. కాదని తెలుసు కానీ వాడికి ఎలా నచ్చచెప్పాలో తెలియడం లేదు.

జవాబు: మాటలతో నచ్చచెప్పడం కష్టం. ముందు ఒక్క ప్రశ్న అడగండి: సగం చంద్రుడు ఉన్న రోజు సాయంత్రం సూర్యుడూ చంద్రుడూ ఇద్దరూ ఆకాశంలో కనిపిస్తున్నారు కదా, మరి భూమి వాళ్లిద్దరి మధ్యకు ఎప్పుడొచ్చింది? తర్వాత ప్రయోగం చేయించండి.

కావలసినవి: షేడు లేని బల్బు ఒకటి, నాలుగు నుంచి పది సెంటీమీటర్ల తెల్ల బంతి, దాన్ని గుచ్చడానికి పెన్సిలు. గది పూర్తిగా చీకటిగా ఉండాలి. గోడలు మరీ తెల్లగా, బల్బుకు దగ్గరగా ఉంటే వాటి వెలుగు బంతి చీకటి వైపు పడి కళ తేలదు. బల్బు అబ్బాయి కళ్ల ఎత్తున, రెండు మూడు మీటర్ల దూరంలో ఉండాలి. వాడి తల భూమి, బంతి చంద్రుడు, బల్బు సూర్యుడు.

బల్బుకు ఎదురుగా నిలబడి, చేయి చాచి బంతిని పట్టుకోమనండి. మనవైపు అంతా చీకటి: అమావాస్య. చేయి అలాగే ఉంచి, ఎడమ వైపుకు మెల్లగా తిరగమనండి. ముందు కుడి అంచున సన్నటి నెలవంక. పావు చుట్టు తిరిగేసరికి కుడి సగం వెలుగు: శుక్ల అష్టమి ప్రాంతం. బల్బుకు వీపు పెట్టి నిలబడితే పౌర్ణమి. ఇంకా తిరిగితే ఎడమ సగం మిగులుతుంది. ఈ చుట్టంతటిలో బంతి సగం ఎప్పుడూ వెలుగులోనే ఉంది; ఆ వెలిగిన సగంలో మనకు కనిపించే భాగమే మారింది. కుడి, ఎడమలు ఉత్తరార్ధగోళం వాళ్లకు. దక్షిణార్ధగోళంలో అవి తారుమారు.

ఈ ప్రయోగం చెడేది పౌర్ణమి దగ్గర. బంతిని తలకు సమంగా పట్టుకుంటే తల నీడ దాని మీద పడుతుంది, అబ్బాయి 'చూశావా, నీడే!' అంటాడు. బంతిని తలకన్నా కాస్త పైకి ఎత్తించండి, నీడ తప్పుతుంది. ఆకాశంలో జరిగేదీ అదే. చంద్రుడి కక్ష్య భూకక్ష్యకు 5 డిగ్రీలు వాలి ఉంది. 3,84,400 కి.మీ. దూరంలో ఐదు డిగ్రీలంటే 34,000 కి.మీ. ఎత్తు. అక్కడ భూమి పూర్తి నీడ వెడల్పు సుమారు 9,200 కి.మీ. మాత్రమే. అందుకే మామూలు పౌర్ణమినాడు చంద్రుడు నీడకు పైనుంచో కిందనుంచో దాటిపోతాడు. రెండు కక్ష్యల తలాలు కోసుకునే బిందువులు రెండు ఉన్నాయి. మన జ్యోతిశ్శాస్త్రం వాటినే రాహువు, కేతువు అంది. పౌర్ణమి ఆ బిందువుల దగ్గర వస్తే చంద్రగ్రహణం, అమావాస్య వస్తే సూర్యగ్రహణం. బంతిని మళ్లీ తలకు సమంగా దించి ఈ రెండూ చూపించవచ్చు.

ఆ తర్వాత అబ్బాయిని రెండు వారాలు రోజూ చంద్రుణ్ణి చూసి వేళ రాసుకోమనండి. చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. సగం చంద్రుడు శుక్లపక్షంలో మధ్యాహ్నం ఉదయించి అర్ధరాత్రి అస్తమిస్తాడు, కృష్ణపక్షంలో అర్ధరాత్రి ఉదయిస్తాడు. పున్నమి చంద్రుడు సూర్యాస్తమయానికే పైకొస్తాడు. ఈ వేళలు కళలతో ఎందుకు ముడిపడి ఉన్నాయో బంతి పట్టుకుని తిరిగినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడంటే తన చుట్టూ తాను తిరగడనే కదా?

జవాబు: తిరుగుతాడు. గది మధ్యలో కుర్చీ వేసి, దానివైపే ముఖం ఉంచి దాని చుట్టూ ఒకసారి నడవండి. ఈలోగా మీ ముఖం గది నాలుగు గోడలవైపూ తిరిగి ఉంటుంది. అంటే మీరు మీ చుట్టూ ఒకసారి తిరిగారు. చంద్రుడికి రెండింటికీ పట్టే కాలం ఒకటే, 27.3 రోజులు. ఇది కాకతాళీయం కాదు. భూమి ఆకర్షణ చంద్రుణ్ణి కొద్దిగా సాగదీసి, ఆ రాపిడితో అతని భ్రమణాన్ని మెల్లమెల్లగా తగ్గించి ఇక్కడికి తెచ్చింది. చంద్రుడి కక్ష్య సరిగ్గా వృత్తం కాకపోవడం, అక్షం కాస్త వాలి ఉండటం వల్ల అంచుల్లో అటూ ఇటూ తొంగిచూడగలం, మొత్తం మీద 59 శాతం ఉపరితలం మనకు కనిపిస్తుంది. అవతలి వైపును 1959 అక్టోబరులో సోవియట్ నౌక లూనా 3 మొదటిసారి ఫొటో తీసింది. ఆ వైపును 'చీకటి వైపు' అనడం తప్పు. అక్కడా రెండు వారాలు పగలు, రెండు వారాలు రాత్రి.

27.3 రోజులకు చుట్టు పూర్తయితే అమావాస్య నుంచి అమావాస్యకు 29.5 రోజులు ఎందుకని మరో పాఠకురాలు అడిగారు. చంద్రుడు ఒక చుట్టు తిరిగేలోపు భూమి తన కక్ష్యలో 27 డిగ్రీలు ముందుకు జరిగిపోతుంది. సూర్యుడితో మళ్లీ వరుస కలవాలంటే చంద్రుడు ఆ మేర అదనంగా నడవాలి. రోజుకు 13 డిగ్రీల నడకతో దానికి రెండు రోజులు దాటి పడుతుంది.

ప్రశ్న: 70 మి.మీ. టెలిస్కోప్ కొన్నాం. పెట్టె మీద 525 రెట్లు అని ఉంది. కానీ శనిని చూస్తే మసక మచ్చ తప్ప వలయాలు లేవు. టెలిస్కోప్ పాడైందా?

జవాబు: పాడైంది టెలిస్కోప్ కాదు, పెట్టె మీది అంకె మిమ్మల్ని తప్పుదోవ పట్టించింది. టెలిస్కోప్ ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందన్నది ఒక చిన్న భాగహారం: ముందు కటకం నాభ్యంతరాన్ని ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) నాభ్యంతరంతో భాగించాలి. మీ గొట్టం నాభ్యంతరం 700 మి.మీ. అయి, 4 మి.మీ. ఐపీస్ వాడితే 175 రెట్లు. దానికి, రెట్లను మూడింతలు చేసే బార్లో కటకం కలిపితే 525. లెక్క సరైనదే, వాడకానికి పనికిరాదు. కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు దాటితే కొత్త వివరం ఏదీ రాదు, ఉన్న మసకే పెద్దదవుతుంది. మీ 70 మి.మీ. కటకానికి పైహద్దు 140 రెట్లు, అదీ గాలి నిలకడగా ఉన్న రాత్రి. 525 దగ్గర శని చీకటిగా, మసకగా ఉండటమే కాదు, నిలవదు కూడా. భూభ్రమణం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. ఆ స్థాయిలో కనిపించే ఆకాశం డిగ్రీలో పదో వంతే కాబట్టి గ్రహం ఇరవై సెకన్లలో పక్కకు వెళ్లిపోతుంది.

బార్లోను పెట్టెలోనే ఉంచేయండి. 20 మి.మీ. ఐపీస్ పెట్టండి, 35 రెట్లు. శని చిన్నగానే ఉంటుంది కానీ వలయం విడిగా తెలుస్తుంది, గ్రహం ఐదు నిమిషాలకు పైగా చూపులో ఉంటుంది. దొరికాక 10 మి.మీ. ఐపీస్‌కు మారండి, 70 రెట్లు. ఈ గొట్టంతో శనిని చూడటానికి ఇదే మంచి చోటు.

మొదటి రాత్రి నిరాశకు ఎక్కువసార్లు కారణం ఫైండర్, అంటే గొట్టం మీద ఉండే, గురి చూసే చిన్న దుర్భిణి. దాన్ని చీకట్లో సరిచేయాలని చూడకండి. పగలు, సూర్యుడికి ఎదురు దిక్కున, కనీసం అర కిలోమీటరు దూరంలో ఉన్న స్తంభం కొననో టవరు కొననో తక్కువ రెట్ల ఐపీస్‌తో నడిమధ్యకు తెచ్చుకుని, గొట్టం కదలకుండా బిగించి, ఫైండర్ మరలు తిప్పి అదే కొన దాని గీతల మధ్యకు వచ్చేలా చేయండి. రాత్రికి సగం పని అయిపోయినట్టే. స్టాండు కాళ్లను పూర్తిగా లాగకండి, పొట్టిగా ఉంచి కుర్చీలో కూర్చుని చూడండి; కాళ్ల మధ్య బరువు వేలాడదీస్తే వణుకు తగ్గుతుంది. చూడటానికి అరగంట ముందే టెలిస్కోప్‌ను బయట పెట్టండి, లేకపోతే లోపలి వెచ్చటి గాలి కదలికే బొమ్మను అలలుగా చేస్తుంది. కిటికీ అద్దంలోంచి చూడొద్దు. గ్రహం దిగ్మండలానికి 30 డిగ్రీల పైకి వచ్చేదాకా ఆగండి. ఫోకస్ ఏదైనా నక్షత్రం మీద చేసుకోండి, అది అతి చిన్న చుక్క అయినప్పుడు సరిగ్గా ఉన్నట్టు.

ఇంకో సంగతి. శని వలయాలు ఎప్పుడూ ఒకేలా కనబడవు. సుమారు 29 ఏళ్ల చుట్టులో రెండుసార్లు అవి మనకు అంచుమీదుగా వచ్చి సన్నటి గీతలా అయిపోతాయి. చివరిసారి అలా జరిగింది 2025 మార్చిలో. అక్కడి నుంచి కొన్నేళ్లపాటు క్రమంగా తెరుచుకుంటాయి, గరిష్ఠంగా 27 డిగ్రీల దాకా. అంతవరకూ గురుడి మీద చేయి తిప్పుకోండి. 1610 జనవరిలో గెలీలియో చూసిన నాలుగు ఉపగ్రహాలు మీ 35 రెట్లకే వరుసగా కనిపిస్తాయి. రెండు మూడు గంటల తేడాతో బొమ్మ గీసుకుంటే వాటి కదలిక కూడా తెలుస్తుంది.

ఒక్క హెచ్చరిక, దీనికి మినహాయింపు లేదు. ఐపీస్‌కు బిగించే సన్ ఫిల్టర్ పెట్టెలో ఉంటే పగలగొట్టి పారేయండి. కటకం పోగేసిన ఎండంతా ఆ చిన్న గాజు మీదే పడుతుంది, అది వేడికి పగిలిన క్షణంలో కన్ను పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందువైపు మొత్తాన్ని కప్పే, అందుకే తయారైన సోలార్ ఫిల్టర్ ఉండాలి. ప్రతిసారీ చిల్లులున్నాయేమో చూసుకుని బిగించాలి, ఫైండర్‌కు మూత పెట్టాలి.

ప్రశ్న: సూర్యుడికి దగ్గరగా ఉన్న బుధుడి కన్నా శుక్రుడు వేడిగా ఉండటమేమిటి?

జవాబు: బుధుడికి చెప్పుకోదగ్గ వాతావరణం లేదు. పగలు 430 డిగ్రీల సెల్సియస్‌కు చేరిన నేల రాత్రికి మైనస్ 180కి పడిపోతుంది. శుక్రుడి మీద మన సముద్రమట్టం కన్నా 90 రెట్లకు పైగా ఒత్తిడి ఉన్న వాతావరణం, అందులో 96 శాతానికి పైగా కార్బన్ డయాక్సైడ్. నేల వదిలే వేడిని అది బయటికి పోనివ్వదు. పగలూ రాత్రీ, ధ్రువాల దగ్గరా మధ్యరేఖ దగ్గరా దాదాపు 465 డిగ్రీలు.

'శుక్రుడి మీద రోజు ఏడాది కన్నా పెద్దది' అనే మాటను కాస్త సరిచేసుకోవాలి. నక్షత్రాలతో పోల్చి చూస్తే అది ఒకసారి తిరగడానికి 243 రోజులు, సూర్యుణ్ణి చుట్టడానికి 225 రోజులు. కానీ తిరిగేది వెనక్కి కాబట్టి ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయానికి మన లెక్కలో 117 రోజులే.

ప్రశ్న: ప్లూటోను ఎందుకు తీసేశారు? అది చిన్నదైపోయిందా?

జవాబు: అది ఎప్పుడూ చిన్నదే, మనకు ఆలస్యంగా తెలిసింది. 1930లో క్లైడ్ టాంబా కనుక్కున్నప్పుడు దాన్ని భూమంత ఉండొచ్చని అనుకున్నారు. తీరా కొలిస్తే వ్యాసం సుమారు 2,377 కి.మీ., మన చంద్రుడి 3,474 కన్నా తక్కువ. 2005లో ఇంచుమించు అంతే సైజున్న ఎరిస్ బయటపడటంతో చిక్కు వచ్చింది: దీన్నీ గ్రహమనాలా, ప్లూటోను వద్దనాలా? 2006 ఆగస్టులో ప్రాగ్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఖగోళ సంఘం మూడు షరతులు పెట్టింది. సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత ఆకర్షణతో గుండ్రంగా ఉండాలి, తన కక్ష్య పరిసరాల్లో తానే ప్రధానమై మిగతావాటిని ఊడ్చేసి ఉండాలి. మూడోది ప్లూటోకు లేదు. అలాంటివాటిని మరుగుజ్జు గ్రహాలన్నారు.

మూడో షరతు మాటలు ఇంకాస్త పదునుగా ఉండాల్సిందన్న విమర్శ న్యాయమైనదే. నిర్ణయం మాత్రం సరైనదని మా అభిప్రాయం. ఇది కొత్తా కాదు. 1801లో పియాజ్జి కనుక్కున్న సెరెస్‌ను కూడా కొన్ని దశాబ్దాలు గ్రహంగానే లెక్కించారు. చుట్టుపక్కల అలాంటివి గుంపుగా దొరికాక జాబితా మార్చారు. పేరు మారినంత మాత్రాన ప్లూటో మీది నైట్రోజన్ మంచు మైదానాల అందం ఏమీ తగ్గలేదు.

ప్రశ్న: గ్రహాలన్నీ ఒకే వరుసలోకి వస్తే భూమికి ప్రమాదమా?

జవాబు: లేదు. సముద్రాన్ని లాగే, అంటే ఆటుపోట్లు తెచ్చే శక్తిలో దూరం ప్రభావం చాలా ఎక్కువ. దూరం రెట్టింపైతే ఆ శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. శుక్రుడు మనకు అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా చంద్రుడు చేసేదాంట్లో సుమారు ఇరవై వేలవ వంతే చేయగలడు. గురుడి వాటా అంతకన్నా ఎంతో తక్కువ. అసలు గ్రహాల కక్ష్యలు దాదాపు ఒకే తలంలో ఉన్నాయి కాబట్టి అవి ఎప్పుడు కనిపించినా సూర్యుడు నడిచే దారిలోనే, ఒకే గీత మీద ఉన్నట్టు కనిపిస్తాయి. సాయంత్రం నాలుగు గ్రహాలు ఒకేసారి కనిపిస్తే భయపడాల్సింది లేదు, డాబా ఎక్కి చూడండి.

ప్రశ్న: అంతరిక్ష కేంద్రంలో మనుషులు తేలుతుంటారు కదా, అంత ఎత్తున గురుత్వాకర్షణ ఉండదా?

జవాబు: అంత ఎత్తు అనే మాటను ముందు కొలుద్దాం. 30 సెం.మీ. గ్లోబు తీసుకుంటే, 400 కి.మీ. ఎత్తున ఉన్న కేంద్రం దాని మీద 9 మి.మీ. పైన ఉంటుంది. అక్కడ ఆకర్షణ నేల మీదున్నదానిలో 88 శాతానికి పైనే. మరి తేలడం ఎందుకంటే, కేంద్రమూ అందులోని మనుషులూ కలిసి పడుతూనే ఉన్నారు. ఒక్క సెకనులో అది 4.3 మీటర్లు కిందికి పడుతుంది. అదే సెకనులో 7.7 కి.మీ. ముందుకు వెళ్తుంది, అంత దూరంలో భూమి వంపు సరిగ్గా అదే 4.3 మీటర్లు కిందికి తప్పుకుంటుంది. ఎంత పడినా నేల అందదు. ఆకర్షణే లేకపోతే కేంద్రం భూమి చుట్టూ తిరగదు, తిన్నగా వెళ్లిపోతుంది.

ప్రశ్న: మనం చూసే నక్షత్రాల్లో చాలామటుకు ఎప్పుడో చచ్చిపోయాయట, నిజమేనా?

జవాబు: కాదు. కంటికి కనిపించే నక్షత్రాలు చాలావరకు వెయ్యి కాంతి సంవత్సరాల లోపు, కొన్ని మాత్రం కొన్ని వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటాయి. కాంతి సంవత్సరమంటే కాలం కాదు, 9.46 లక్షల కోట్ల కి.మీ. దూరం. నక్షత్రాల ఆయుష్షు లక్షలు, కోట్లు, వందల కోట్ల ఏళ్లు. ఆ ముందు వెయ్యేళ్ల ఆలస్యం ఒక లెక్కలోది కాదు. ఈ రాత్రి మీరు చూసే చుక్కలు ఇంచుమించు అన్నీ ఇంకా వెలుగుతూనే ఉన్నాయి.

ప్రశ్న: ఉదయించే చంద్రుడు అంత పెద్దగా ఉండి, నడినెత్తికి వచ్చేసరికి చిన్నబోతాడెందుకు?

జవాబు: పెద్దగా ఉండడు, అలా అనిపిస్తాడు, కారణం మన మెదడు దూరాన్ని అంచనా వేసే తీరులో ఉంది. పరీక్షించడానికి ఒక కాగితానికి ఫైలు పంచింగ్ మెషిన్‌తో 6 మి.మీ. రంధ్రం చేయండి. చేయి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, ఉదయించిన పావుగంటకు చంద్రుణ్ణి ఆ రంధ్రంలోంచి చూడండి. అర డిగ్రీ చంద్రుడు అందులో చక్కగా ఇమిడిపోతాడు. నడిరాత్రి మళ్లీ అలాగే చూడండి, అంతే ఉంటాడు. చేయి రెండుసార్లూ ఒకేలా చాచాలి, మోచేయి వంగితే కొలత పోతుంది. ఇంకా నిశితంగా కొలవగలిగితే ఉదయించేటప్పుడే చంద్రుడు ఒకటిన్నర శాతం చిన్నగా తేలతాడు, ఎందుకంటే నడినెత్తికి వచ్చిన చంద్రుడికన్నా దిగ్మండలం దగ్గరి చంద్రుడు మనకు దాదాపు ఒక భూ వ్యాసార్ధమంత, అంటే 6,400 కి.మీ. ఎక్కువ దూరంలో ఉంటాడు.